పది దాటాక బాస్ ఎటు పోతుంది?

పగలు నిండుగా మోగిన పాట రాత్రి సౌండ్ తగ్గించగానే పలచబడిపోతుంది. గాయకుడి గొంతు ఉంటుంది, వయొలిన్ ఉంటుంది. మృదంగం ఎడమ మూత మోత మాత్రం ఉండదు. మరుసటి రోజు దిల్‌సుఖ్‌నగర్ వెళ్లి కొత్త యాంప్లిఫయర్ ధర అడగాలనిపిస్తుంది. కాసేపు ఆగండి. ఆ బాస్ పోయింది పెట్టెలో కాదు.

హైదరాబాద్ చైతన్యపురిలో సౌండ్ తగ్గించక తప్పదు. ఇక్కడ ఫ్లాట్లన్నీ గోడకు గోడ. పక్కింట్లోనో పైఅంతస్తులోనో కోచింగ్ కోసం వచ్చి పరీక్షకు చదువుకునే పిల్లలు ఉండనే ఉంటారు. చట్టం సంగతికొస్తే, 2000 నాటి శబ్ద కాలుష్య నియమాల ప్రకారం నివాస ప్రాంతంలో రాత్రి 10 నుంచి ఉదయం 6 దాకా పరిమితి 45 డెసిబెల్స్. సొంత సౌండ్ సిస్టమ్ మోత ఇంటి సరిహద్దు దగ్గర దానికి మించి 5 డెసిబెల్స్ కంటే పెరగకూడదు. హైవే పక్కన బతికేవాళ్లకు ఈ అంకెలు చదివితే నవ్వొస్తుంది, అది వేరే విషయం.

అసలు కారణం చెవిలో ఉంది. 1933లో అమెరికాలోని బెల్ ల్యాబ్స్‌లో ఫ్లెచర్, మన్సన్ అనే ఇద్దరు జనానికి రకరకాల స్వరాలు వినిపించి, ఏది ఏ స్థాయిలో ఉంటే అన్నీ సమానంగా వినిపిస్తాయో కొలిచారు. ఆ గీతలను తర్వాతివాళ్లు సరిదిద్దుతూ వచ్చారు. ఇప్పుడవి ఐఎస్ఓ 226 అనే ప్రమాణంగా ఉన్నాయి. 2003 నాటి ఆ ప్రమాణం లెక్కలో, 1000 హెర్ట్జ్ స్వరం 80 డెసిబెల్స్‌లో ఉన్నప్పుడు 100 హెర్ట్జ్ బాస్ దానితో సమానంగా వినిపించాలంటే 92 పైచిలుకు కావాలి. తేడా పన్నెండున్నర. అదే 1000 హెర్ట్జ్‌ను 40కి దించితే బాస్‌కు 64 కావాలి, తేడా 24కు పెరుగుతుంది. వాల్యూమ్ నాబ్‌కు ఈ గొడవ తెలియదు, అన్నిటినీ ఒకేలా 40 డెసిబెల్స్ తగ్గిస్తుంది. దాంతో బాస్ పన్నెండు డెసిబెల్స్ వెనకబడుతుంది. 3000, 4000 హెర్ట్జ్ దగ్గర మన చెవి మహా చురుకు కాబట్టి గొంతులోని హల్లులు చెక్కుచెదరవు. ఘంటసాల కాలపు మోనో పాటలు తక్కువ సౌండ్‌లో కూడా బాగానే ఉండటానికి ఇదే కారణం అనుకుంటాను. వాటిలో గొంతే ముందుంటుంది, పోగొట్టుకోవడానికి బాస్ పెద్దగా లేదు.

తంబురా కథ ఇంకా బాగుంటుంది. మంద్ర తీగ మూలస్వరం మన చెవికి అందనంత తగ్గినా దానితో పాటు మోగే పైస్వరాల వల్ల దాని శ్రుతి మనకు తెలుస్తూనే ఉంటుంది. విశాఖపట్నంలో చదువుకుని పెరిగిన సి.వి. రామన్ 1920ల మొదట్లో వీణ, తంబురాల మీద పరిశోధించి, వంపు తిరిగిన గుర్రం (బ్రిడ్జి) మీద తీగ ఒరుసుకోవడం వల్లే ఆ పైస్వరాలు అంత దండిగా పుడతాయని చూపించారు. ఆ పైస్వరాల మధ్య దూరాన్ని పట్టుకుని లేని మూలస్వరాన్ని మెదడు తానే పూరించుకుంటుంది. అరచేతిలో పట్టే ఫోన్ స్పీకర్‌లో కూడా బాస్ ఉన్నట్టు అనిపించడానికి ఈ సర్దుబాటే ఆధారం.

రెండో దెబ్బ గది చప్పుడుది. విజయవాడ హైవే మీద లారీలు, 2018 సెప్టెంబరు నుంచి వాటి నెత్తిన మెట్రో, ఇంట్లో సీలింగ్ ఫ్యాన్. ఈ మోతలో లోతు స్వరాలదే పెద్దవాటా. కిటికీ మూస్తే హారన్ల కీచు బాగా తగ్గుతుంది గానీ లారీ గుర్రు అంతగా తగ్గదు. పైగా లోతైన మోత తనకంటే పైనున్న స్వరాలను కూడా కప్పేస్తుంది. చెవి ముందే చిన్నచూపు చూసిన బాస్ మీద ఈ మోత కూడా పడుతుంది. గదిలో చప్పుడు 45, పాట సగటు 55 అనుకుంటే మనకు మిగిలేది పది డెసిబెల్స్. గమకం చివర సన్నగా ఆరిపోయే జాగా, తబలా దెబ్బ తర్వాతి కంపనం అన్నీ ఆ 45 కిందకి మునిగిపోతాయి. ఫ్యాన్ ఆపడం వల్ల పది డెసిబెల్స్ కలిసొస్తే, అదే లాభాన్ని వాల్యూమ్‌తో రాబట్టడానికి యాంప్లిఫయర్ పది రెట్లు శక్తి ఖర్చు చేయాలి. మే నెలలో ఫ్యాన్ ఆపమని ఎవరికీ చెప్పలేను. వేగం రెండు పాయింట్లు తగ్గించినా చాలు.

వాట్ల సంగతి ఇక్కడే తేలిపోతుంది. ఒక వాట్‌కు మీటరు దూరంలో 86 డెసిబెల్స్ ఇచ్చే మామూలు స్పీకర్‌తో అదే దూరంలో 60 డెసిబెల్స్ వినాలంటే కావాల్సింది రెండున్నర మిల్లీవాట్లు. వాట్‌లో నాలుగువందో వంతు! రాత్రి పూట వంద వాట్ల డబ్బా కొన్నవాడూ పది వాట్లది కొన్నవాడూ ఒక్కటే.

కాబట్టి ముందు జరపాల్సింది కుర్చీని. స్పీకర్‌కూ చెవికీ మధ్య దూరం సగమైతే నేరుగా వచ్చే శబ్దం 6 డెసిబెల్స్ పెరుగుతుంది. టైల్స్ నేల మీద, బోసి గోడల మీద పడి తిరిగొచ్చే ప్రతిధ్వని మాత్రం దాదాపు అంతే ఉంటుంది. వివరం తెలిసేది ఈ రెండింటి నిష్పత్తిని బట్టే. రెండు స్పీకర్లూ మీరూ మీటరున్నర భుజాలున్న త్రిభుజంలా కూర్చుంటే పక్కింటికి వెళ్లేది పెరగకుండానే మీకు అందేది పెరుగుతుంది. తర్వాత స్పీకర్లను వెనక గోడకు దగ్గరగా నెట్టండి. పగటిపూట ఆడియో పిచ్చివాళ్లు వద్దనే పనే ఇది, కానీ గోడ లోతు స్వరాలను ముందుకు తిప్పి కొట్టి బాస్‌ను కొన్ని డెసిబెల్స్ పెంచుతుంది, రాత్రికి కావాల్సింది అదే. మూలకు నెడితే మోత మితిమీరుతుంది. పక్క ఫ్లాట్‌తో కలిసిన గోడ మాత్రం వద్దు. బాసే గోడ దాటి పోయేది.

పాత యాంప్లిఫయర్లలో ‘లౌడ్‌నెస్’ అని ఒక బటన్ ఉండేది. ఫ్లెచర్, మన్సన్ గీతలకు తగ్గట్టు తక్కువ సౌండ్‌లో బాస్ పెంచడమే దాని పని. పగలు కూడా నొక్కి ఉంచి పాటను బురదలా చేసుకునేవాళ్ల వల్ల దానికి చెడ్డపేరు వచ్చింది. యమహా యాంప్లిఫయర్లు కొన్నింటిలో అది తిప్పే నాబ్‌గా ఉంటుంది. ముందు గట్టిగా వినే స్థాయికి వాల్యూమ్ పెట్టి, ఆపై లౌడ్‌నెస్ నాబ్‌తోనే సౌండ్ తగ్గించుకోవాలి. అది లేనివాళ్లు బాస్‌ను నాలుగైదు డెసిబెల్స్ పెంచి చూడొచ్చు. టీవీలో ‘నైట్ మోడ్’ వేరే సరుకు. అది మెల్లని చోట్లను పెంచి గట్టి చోట్లను నొక్కేస్తుంది. సినిమా మాటలకు పనికొస్తుంది, కచేరీకి వద్దు.

తక్కువ వాల్యూమ్‌లో గొంతు మధ్యలో కాకుండా ఒక స్పీకర్ వైపు జరిగినట్టుంటే తప్పు చెవిది కాదు, నాబ్‌ది. అందులోని కుడి, ఎడమ పట్టీలు మొదట్లో సరిగ్గా సరిపోలవు. ఫోన్‌లోనో కంప్యూటర్‌లోనో సౌండ్ తగ్గించి, యాంప్లిఫయర్ నాబ్‌ను పదకొండు గంటల ముల్లు దాకా తిప్పండి, గొంతు మధ్యకు వస్తుంది. స్పీకర్‌లో బుస్సుమనే సన్నని చప్పుడు అప్పుడు మొదలైతే కొంచెం వెనక్కి తిప్పి ఆపేయండి.