యంత్రమేధకు హద్దులు: రువాండా అనుసరించిన మార్గము

కృత్రిమ మేధ యను మాట నేడు పల్లెలలో సైతము వినవచ్చుచున్నది. మానవులు వ్రాసిన వ్రాతలను, పలికిన పలుకులను, తీసిన చిత్రములను లెక్కకు మిక్కిలిగా పరిశీలించి, వాని పోలికలనుబట్టి జవాబు చెప్పునట్లు కంప్యూటరునకు తర్ఫీదు ఇచ్చుటయే కృత్రిమ మేధ. అది రోగమును పసికట్టుటకు తోడ్పడును. ఎవరికి అప్పు ఇయ్యవచ్చునో చెప్పును. కాని అది పొరబడినచో నష్టపోయినవాడు ఎవరిని అడుగవలెను? సంపన్నమైన ఐరోపా సంఘము 2024లో ఇందుకై సమగ్రమైన చట్టమునే చేసినది. అంతటి స్తోమతు లేని చిన్న దేశము మాటయేమి?

తూర్పు ఆఫ్రికాలోని రువాండా కొండల దేశము, సముద్రతీరము లేదు. విస్తీర్ణము సుమారు 26 వేల చదరపు కిలోమీటర్లు. 2022 జనాభా లెక్కల ప్రకారము ప్రజలు 1 కోటి 32 లక్షలు. వారిలో అధికసంఖ్యాకులు సేద్యముపై ఆధారపడినవారే. ఈ యంత్రమేధను నిర్మించు పెద్ద సంస్థలన్నియు పరదేశములవి. వానిని శాసింపగల బలము ఈ దేశమునకు తక్కువ.

అయినను కొత్త యంత్రములను అదుపులో నుంచుకొనుట రువాండాకు కొత్త గాదు. 2016లో ఒక అమెరికా సంస్థ డ్రోనుల ద్వారా ఆసుపత్రులకు రక్తమును పంపుట అచట ప్రారంభించినది. కొండదారిన గంటలు పట్టు ప్రయాణమును డ్రోను నిమిషములలో ముగించి, పొట్లమును చిన్న గొడుగు సాయమున ఆసుపత్రి ఆవరణలో జారవిడుచును. ఆ అనుభవముతో ప్రభుత్వము 2018లో నియమములు చేసినది. యంత్రము ఫలానా విధముగనే ఉండవలెనని నిర్బంధింపక, తలపెట్టిన పనిలోని ప్రమాదమెంతో, దానిని ఎట్లు నివారింతురో నడుపువారే నిరూపింపవలెనని ఆ నియమములు కోరినవి.

కృత్రిమ మేధ విషయమునను రువాండా ముందుగా యంత్రము జోలికి పోలేదు; దాని మేత జోలికి పోయినది. 2021 అక్టోబరులో వ్యక్తుల వివరముల పరిరక్షణకు చట్టము చేసినది. ప్రజల వివరములు సేకరించు సంస్థలు జాతీయ సైబర్ భద్రతా సంస్థ వద్ద నమోదు కావలెను. అనుమతి లేనిదే ఆ వివరములను దేశము వెలుపల నిలువచేయరాదు. ఉల్లంఘించినవారికి శిక్షలు గలవు. అన్నిటికంటె ముఖ్యమైనది మరియొకటి: కొన్ని మినహాయింపులు తప్ప, ఒకరి బాగోగులను గట్టిగా తాకు నిర్ణయమును కేవలము యంత్రమునకే వదలిపెట్టరాదు. అప్పు నిరాకరింపబడిన రైతు, కంప్యూటరు కాదన్నదను మాటతో వెనుదిరుగ నక్కరలేదు. ఈ హక్కు ఉన్నదని ఆ రైతునకు తెలియచెప్పుటయే కష్టమైన పని యని మా వృత్తిలోనివారికి వేరుగ చెప్పవలెనా!

తరువాత 2023 ఏప్రిలులో మంత్రివర్గము జాతీయ కృత్రిమ మేధా విధానమును ఆమోదించినది. ఇది విధానమేగాని చట్టము కాదు. దీనిని మీరినవారిని దీని క్రింద శిక్షించుటకు వీలులేదు. ఇది లోపమే. కాని తెలియని వస్తువునకు తొందరపడి సంకెల వేయుటకంటె, వాడుచు నేర్చుకొనుట మేలని వారు తలచినట్లున్నది.

ఇక భాష సంగతి. రువాండా ప్రజల భాష కిన్యర్వాండా. యంత్రమునకు ఆ భాష రానిచో నియమములెన్ని యున్నను పల్లెవాసికి ఫలము దక్కదు. అందుచేత మొజిల్లా సంస్థ నడుపు 'కామన్ వాయిస్' ఉద్యమములో అచటి ప్రజలు స్వచ్ఛందముగా తమ కంఠములను ధ్వనిముద్రణ చేయించిరి. అట్లు సమకూడినది 2,000 గంటలకు పైబడిన ప్రసంగము. దానిని ఎవరైనను ఉచితముగ వాడుకొనవచ్చును. కిగాలి నగరములోని విద్యార్థియు వాడుకొనవచ్చును, పరదేశపు పెద్ద సంస్థయు వాడుకొనవచ్చును.