మూలుగ మార్పిడి: ఎవరికి, ఎప్పుడు, ఎంతవరకు?

తలసీమియాతో పుట్టిన బిడ్డ పురిట్లో అందరు పిల్లల్లాగే ఉంటుంది. కడుపులో ఉన్నంతకాలం బిడ్డ ఒంట్లో పనిచేసే హీమోగ్లోబిన్ వేరు, పుట్టాక క్రమంగా దాని స్థానంలోకి రావలసినది వేరు. ఈ రెండోదాన్ని తయారుచేసే జన్యువులోనే లోపం ఉంటుంది. అందుకే ఆరు నెలలు దాటాక బిడ్డ పాలిపోతుంది, సరిగా పాలు తాగదు, బరువు పెరగదు, పొట్ట ఎత్తుగా కనిపిస్తుంది. రక్తం తక్కువగా ఉందని ముందు ఐరన్ టానిక్ పట్టించే ఇళ్లే ఎక్కువ. అసలు సంగతి పరీక్షలో తేలాక మూడు నాలుగు వారాలకోసారి రక్తం ఎక్కించడం మొదలవుతుంది. అక్కడినుంచి అది జీవితాంతం సాగాల్సిందే.

ఎక్కించిన రక్తం ప్రాణం నిలుపుతుంది కానీ, ఇనుమునూ వెంటబెట్టుకొస్తుంది. ఒక్కో యూనిట్‌లో 200 నుంచి 250 మిల్లీగ్రాములు ఉంటుంది. ఎక్కువైన ఇనుమును బయటకు పంపే ఏర్పాటు మన ఒంట్లో లేదు. అది గుండెలో, కాలేయంలో, పిల్లల ఎదుగుదలను నడిపే గ్రంథుల్లో పేరుకుపోతుంది. దాన్ని తీసేయడానికి మందులు విడవకుండా వాడాలి. మన దేశంలో ఏటా పది వేలకు పైగా పిల్లలు ఈ వ్యాధితో పుడుతున్నారని అంచనా. హైదరాబాద్‌లో 1998లో ఏర్పడిన తలసీమియా అండ్ సికిల్ సెల్ సొసైటీ లాంటి సంస్థలు ఇలాంటి పిల్లలకు ఏళ్ల తరబడి రక్తం అందిస్తున్నాయి.

రక్తం పుట్టేది ఎముక మూలుగలో. అక్కడి మూలకణాలే ఎర్రకణాలు, తెల్లకణాలు, ప్లేట్‌లెట్లుగా మారతాయి. లోపం మూలకణంలో ఉన్నప్పుడు ఎన్నిసార్లు రక్తం ఎక్కించినా అది తాత్కాలికమే. మూలకణాలనే మార్చగలిగితే జబ్బు వేరుతో పోతుంది. మూలుగ మార్పిడి వెనకున్న ఆలోచన ఇంతే. ఆచరణలోకి రావడానికి మాత్రం చాలా ఏళ్లు పట్టింది.

అమెరికా వైద్యుడు డోనల్ థామస్ 1956లో ల్యుకేమియా (రక్త క్యాన్సర్) రోగికి కవల తోబుట్టువు మూలుగ ఎక్కించారు. ఒకే పోలిక కవలలు కాబట్టి ఒంట్లో తిరుగుబాటు రాలేదు. కవలలు కానివాళ్ల మధ్య చేసిన తొలి ప్రయత్నాలు చాలావరకు విఫలమయ్యాయి. ఒకరి కణాలను మరొకరి శరీరం గుర్తుపట్టే హెచ్‌ఎల్‌ఏ గుర్తుల సంగతి ఫ్రెంచ్ శాస్త్రవేత్త జా దొసే పరిశోధనతో బయటపడ్డాకే దారి దొరికింది. 1968లో మిన్నెసోటాలో రాబర్ట్ గుడ్ బృందం, పుట్టుకతోనే రోగనిరోధకశక్తి లేని పసివాడికి అక్క మూలుగ ఎక్కించి బతికించింది. 1981 చివర్లో సియాటిల్‌లో థామస్ బృందం తలసీమియాకూ ఈ చికిత్స చేసింది. ఇటలీలోని పెసారోలో గ్విడో లూకరెల్లి దాన్ని వందలాది పిల్లలకు విస్తరించారు. మన దేశంలో తొలి మార్పిడి 1983లో ముంబై టాటా మెమోరియల్ ఆసుపత్రిలో జరిగింది. థామస్‌కు 1990లో నోబెల్ వచ్చింది.

పేరు వినగానే చాలామంది పెద్ద ఆపరేషన్‌ని ఊహించుకుంటారు. నిజానికి రోగికి కోత ఉండదు. ముందు వారం, పది రోజుల పాటు గట్టి కీమో మందులిచ్చి బిడ్డ పాత మూలుగను ఖాళీ చేస్తారు. పాత పంట కోయకుండా కొత్త నారు వేయలేం కదా. ఆ తర్వాత దాత నుంచి తీసిన కణాలు చిన్న సంచిలో వస్తాయి. రక్తం ఎక్కించినట్టే ఛాతీ దగ్గర అమర్చిన గొట్టం గుండా ఎక్కిస్తారు. మూలుగ ఎక్కడుందో ఆ కణాలకు ఎవరూ దారి చూపనక్కర్లేదు, రక్తంలో ప్రయాణించి ఎముకల్లోకి అవే చేరుకుంటాయి.

అసలు పరీక్ష ఆ తర్వాత. రెండు మూడు వారాలు బిడ్డ ఒంట్లో తెల్లకణాలు దాదాపు ఉండవు. గాలిని వడకట్టే ప్రత్యేక గదిలో ఒక్కరే తోడుండాలి. బాగా ఉడికిన వేడి తిండే పెట్టాలి. నోరంతా పుండ్లు పడి మింగుడుపడదు. రోజూ పొద్దున రిపోర్టు రాగానే తల్లిదండ్రులు అడిగేది ఒక్కటే: "కౌంట్స్ పెరిగాయా?" న్యూట్రోఫిల్స్ అనే తెల్లకణాలు వరుసగా మూడు రోజులు 500 దాటితే కొత్త మూలుగ నాటుకున్నట్టు లెక్క. దాత రక్తం గ్రూపు వేరైతే కొన్ని నెలల్లో బిడ్డ గ్రూపు కూడా మారిపోతుంది. పాత టీకాల రక్షణ చెరిగిపోతుంది కాబట్టి పసిపిల్లకు వేసినట్టు టీకాలన్నీ మళ్లీ మొదటినుంచి వేస్తారు.

ప్రమాదాలు చిన్నవి కావు. ఇన్ఫెక్షన్లు ప్రాణం మీదికి తేవచ్చు. దాత కణాలు బిడ్డ చర్మం, పేగులు, కాలేయం మీద దాడి చేయవచ్చు. కీమో వల్ల పెద్దయ్యాక సంతానం కలగకపోయే అవకాశం ఉంది. అయినా చిన్న వయసులో, కాలేయం దెబ్బతినకముందే, పూర్తిగా కలిసే తోబుట్టువు దాతగా దొరికితే మంచి కేంద్రాల్లో పదిమందిలో దాదాపు తొమ్మిదిమంది తలసీమియా నుంచి బయటపడుతున్నారు. ఇనుము పేరుకున్నకొద్దీ ఈ అవకాశం తగ్గుతుంది. ఇక్కడ వాయిదా వేయడమే పెద్ద నష్టం.

హెచ్‌ఎల్‌ఏ గుర్తులు సగం తల్లినుంచి, సగం తండ్రినుంచి వస్తాయి. అందుకే ఒక తోబుట్టువు పూర్తిగా కలిసే అవకాశం నాలుగింట ఒక వంతే. మేనరికాలు ఎక్కువగా ఉన్న మన సమాజంలో రెండు వైపులా ఒకే లోపం కలిసి ఇలాంటి జబ్బులు వచ్చే ముప్పు పెరుగుతుంది. అదే మేనరికం వల్ల ఒక్కోసారి తల్లో, తండ్రో, మేనమామో పూర్తిగా కలవడమూ జరుగుతుంది. ఇంట్లో ఎవరూ కలవకపోతే దాతల రిజిస్ట్రీల వైపు చూడాలి. ప్రపంచవ్యాప్తంగా నాలుగు కోట్లకు పైగా దాతలు నమోదైనా, వారిలో భారతీయులు చాలా తక్కువ. అమెరికా రిజిస్ట్రీలో తెల్లజాతివారికి పూర్తిగా కలిసే దాత దొరికే అవకాశం 79 శాతం, ఆసియా మూలాలవారికి 47 శాతమే. అక్కడి తెలుగు కుటుంబాలకూ ఈ కొరత వర్తిస్తుంది. సగమే కలిసే తల్లిదండ్రుల కణాలతో చేసే మార్పిడి ఈమధ్య మెరుగుపడింది కానీ, ముప్పు కాస్త ఎక్కువే.

మూలుగ మార్పిడి అన్నిటికీ మందు కాదు. పిల్లల్లో ఎక్కువగా కనిపించే లింఫోబ్లాస్టిక్ ల్యుకేమియా చాలామందికి కీమోతోనే నయమవుతుంది. తిరగబెట్టినప్పుడో, ముప్పు ఎక్కువని తేలినప్పుడో మార్పిడి మాట వస్తుంది. తలసీమియా, సికిల్ సెల్, అప్లాస్టిక్ అనీమియా, కొన్ని నిరోధకశక్తి లోపాల్లో దీనికి గట్టి ఆధారం ఉంది. ఆ గీత దాటితే మోసాలు మొదలవుతాయి. ఆటిజం, సెరిబ్రల్ పాల్సీ లాంటివి 'స్టెమ్ సెల్స్'తో తగ్గిస్తామని లక్షలు గుంజే క్లినిక్‌లున్నాయి. భారత వైద్య పరిశోధన మండలి 2017 మార్గదర్శకాల ప్రకారం, ఆమోదం ఉన్న రక్తసంబంధ మార్పిడులు తప్ప మిగిలిన మూలకణ చికిత్సలన్నీ ప్రయోగదశలోనివే. వాటిని అనుమతి ఉన్న క్లినికల్ ట్రయల్‌లోనే చేయాలి.

పుట్టినప్పుడు బొడ్డుతాడు రక్తం డబ్బుకట్టి దాచమనే ప్రకటనలనూ ఇలాగే చూడాలి. 1988లో పారిస్‌లో ఎలియాన్ గ్లుక్‌మన్ బొడ్డుతాడు రక్తంతో తొలి మార్పిడి చేసిన మాట నిజమే. అయితే ఆ రక్తం చెల్లెలిది, జబ్బు అన్నది. తలసీమియా ఉన్న బిడ్డ సొంత బొడ్డుతాడు రక్తంలోనూ అదే లోపం ఉంటుంది. అందుకే ఆరోగ్యంగా పుట్టిన బిడ్డకు రేపెప్పుడో పనికొస్తుందని దాచడానికి శాస్త్రీయ ఆధారం లేదని ఆ మండలే చెబుతోంది.

2023 చివర్లో బ్రిటన్, అమెరికాల్లో అనుమతి పొందిన క్యాస్జెవీ అనే జన్యు సవరణ చికిత్సకు దాతే అక్కర్లేదు, రోగి కణాలనే సరిచేస్తారు. కానీ ధర 22 లక్షల డాలర్లు. మన బిడ్డలకు ఇప్పటికి అందుబాటులో ఉన్నది మార్పిడే. దానికీ లక్షలవుతాయి. కోల్ ఇండియా నిధులతో నడిచే తలసీమియా బాల సేవా యోజన కింద అర్హులైన కుటుంబాలకు పది లక్షల రూపాయల వరకు సాయం అందుతుంది. డాక్టర్ మార్పిడి మాట ఎత్తిన రోజే దీని గురించి అడగాలి.

ఇంతదాకా రాకుండా చూసుకునే దారి మరీ తేలిక. పెళ్లికి ముందో, గర్భం నిలిచిన తొలి వారాల్లోనో తలసీమియా లోపాన్ని పట్టిచ్చే హెచ్‌బీఏ2 రక్తపరీక్ష చేయించుకోండి. భార్యాభర్తలిద్దరూ తమకు జబ్బు లేకున్నా లోపమున్న జన్యువును మోసే వాహకులైతే ప్రతి కాన్పులోనూ జబ్బు వచ్చే అవకాశం 25 శాతం. ఆ సంగతి ముందే తెలిస్తే గర్భంలోనే పరీక్షించే వీలుంది. మీకు పద్దెనిమిదేళ్లు దాటి ఆరోగ్యంగా ఉంటే, బుగ్గ లోపల దూదిపుల్లతో నమూనా ఇచ్చి దాతల రిజిస్ట్రీలో పేరు రాయించుకోండి. ఎప్పుడైనా పిలుపొస్తే ఇప్పుడు ఎక్కువగా చేతి నరం నుంచే కణాలు తీస్తారు. తుంటి ఎముక నుంచి తీయాల్సి వచ్చినా మత్తు ఇచ్చే తీస్తారు. వెన్నెముక జోలికి వెళ్లరు. ఇచ్చిన మూలుగ కొన్ని వారాల్లో మళ్లీ నిండుతుంది.