అబ్రుజ్జో ద్రాక్షపందిళ్లు

ఇటలీ దేశపు తూర్పు భాగమున, గ్రాన్ సాస్సో పర్వతములకును ఏడ్రియాటిక్ సముద్రమునకును నడుమ, పగటివేళ కడలిగాలియు రాత్రివేళ కొండలనుండి దిగివచ్చు చలియు సోకు అబ్రుజ్జో సీమలో, తోరానో నువోవో అను చిన్న పల్లె కలదు. ఆ సీమలో పండిన ఆసవము పీపాలకొలది చౌకగా అమ్ముడుపోవుచుండిన కాలమున, 1964లో, ఎమీడియో పేపే అను రైతు, మోంటెపుల్చానో అను నల్లద్రాక్షనుండి తీసిన ఎఱ్ఱని వైను ఏండ్లతరబడి సీసాలో నిలిచి గుణమునందు వృద్ధిపొందగలదని నమ్మి, ఆ నమ్మకముమీదనే తన జీవితమును నిలిపెను.

అచ్చటి తీగలు మన పెరటి బీరపాదువలె తలకెత్తున పందిరిమీద అల్లుకొనును. పందిరివలన కాపు అధికమై రసము పలుచనగునని ఎంచి, తీగలను కమ్ములవెంట వరుసలుగా పెంచుటయే మేలని నిపుణులు చిరకాలము బోధించిరి; కాని వేసవులు నానాటికి తీవ్రమగుచున్న ఈ దినములలో, గుత్తులు ఎండకు మాడిపోకుండ కాచుచున్నది ఆ ఆకుల నీడయే.

పేపే తోటలోని సేద్యము సేంద్రియము. సేంద్రియమన్నంతనే మందు చల్లని తోటయని పలువురు తలంతురు. అది సరికాదు. బూజు తెగులునకు మన రైతులెఱిగిన బోర్డో మిశ్రమమునే, అనగా మైలుతుత్తమును సున్నమును కలిపిన ద్రావణమునే, ఐరోపా సేంద్రియ రైతులును వాడుదురు. అయితే రాగి మట్టిలో నశింపక పేరుకొనును గనుక, హెక్టారునకు ఏడేండ్లలో 28 కిలోలు మించరాదని అచ్చటి శాసనము. మితమెఱిగి వాడుటయే ఈ సేద్యమునకు ప్రాణమని నా అభిప్రాయము.

రసాయనములును యంత్రములును చేయు పనిని పేపే యింట చేతులును కాలమును చేయును. చెక్కచట్రమునకు బిగించిన వలపై గుత్తులను పోసి అరచేతులతో దొరలించుచుండగా, పండ్లు కన్నులగుండ క్రిందికి రాలును, కాడలు పైన నిలుచును. యంత్రమున నలిగిన కాడలవలన కలుగు పచ్చి వగరు రసమున చేరదు. లోపల గాజుపూత పూసిన సిమెంటు తొట్లలో, పైనుండి ఈస్టు కలుపకయే, పండ్లతో వచ్చిన సూక్ష్మజీవులచేతనే రసము పులియును. నల్లద్రాక్షయందును లోపలి కండ సాధారణముగా తెల్లనిదే. వర్ణము తొక్కలోనిది గనుక, తొక్కలు నానినకొలది ఆ కెంపురంగు చిక్కనగును. ఓకు పీపాల వాసన వైనునకు అంటనీయరు, గంధకమును కలుపరు, వడపోయరు.

వడపోయనందున, సీసాలో ఏండ్లు గడచినకొలది, వగరు పదార్థములు రంగుతో పెనవేసికొని మడ్డియై అడుగున దిగును, వైను మృదువగును. సంతకు పంపుటకు ముందు, ఎమీడియో భార్య రోజా పాత సీసాలను ఒక్కొక్కటిగా విప్పి, మడ్డి కదలకుండ తేటను మాత్రము క్రొత్త సీసాలోనికి వంచి, మరల బిరడా బిగించుచు వచ్చినది. ఆ పనికి ఆ యింట నేటికిని యంత్రము లేదు. ఇప్పుడు కుమార్తెలును మనుమరాండ్రును ఆ తోటను నడుపుచున్నారు.