మీ బిడ్డ మందు ఉమ్మేస్తోందా?

"డాక్టరుగారూ, వీడు మందు మింగడు, సూది వేసేయండి" అని చాలామంది తల్లులు అడుగుతుంటారు. సూదిమందుకే బలం ఎక్కువ అనే నమ్మకం కూడా మనలో ఉంది. నిజానికి పిల్లలకు వచ్చే చాలా జబ్బులకు నోటిద్వారా ఇచ్చే మందు సరిపోతుంది. అయితే అది పూర్తి మోతాదులో కడుపులోకి చేరాలి.

పిల్లలు ఎందుకు ఉమ్మేస్తారు?

పెద్దవాళ్ళకంటే పిల్లలకు చేదు ఎక్కువగా తెలుస్తుంది. మందు వాసన, చిక్కదనం, తాగవలసిన పరిమాణం కూడా వారిని ఇబ్బంది పెడతాయి. రెండు చెంచాల మందులో ఒక చెంచా బట్టల మీద పడితే బిడ్డకు అందింది సగం మోతాదే. రోజూ ఇలా జరిగితే జబ్బు తగ్గదు. మూర్ఛ ఉన్న బిడ్డకు ఫిట్స్ మళ్ళీ వస్తాయి. క్షయ క్రిములు మందుకు లొంగకుండా తయారవుతాయి. అందుకే బిడ్డకు నప్పే రూపంలో మందు ఎంచుకోవడం ముఖ్యం.

మందు రూపాలు

చుక్కల మందు: పరిమాణం తక్కువ కాబట్టి చంటిపిల్లలకు తేలిక. కాని ఇది చిక్కగా ఉంటుంది. పారాసిటమాల్ చుక్కల మందులో సాధారణంగా 1 మి.లీ.కి 100 మి.గ్రా. మందు ఉంటుంది. సిరప్‌లోనైతే 5 మి.లీ.కి 125 లేక 250 మి.గ్రా. ఉంటుంది. సిరప్ అనుకొని చుక్కల మందు 5 మి.లీ. పోస్తే ఒకేసారి 500 మి.గ్రా. లోపలికి వెళుతుంది. ఇది ఎక్కువైతే కాలేయం దెబ్బతింటుంది. సీసా మారినప్పుడల్లా లేబుల్ చూపించి మోతాదు అడగండి.

సిరప్: తియ్యగా ఉన్నా కొన్ని మందుల చేదు పూర్తిగా పోదు. వంటింటి చెంచాలు అన్నీ ఒకే కొలతలో ఉండవు. సీసాతో వచ్చిన కొలత మూతనే వాడండి. పొడి రూపంలో వచ్చే సిరప్‌లో కాచి చల్లార్చిన నీళ్ళు గీత వరకు పోయాలి. ప్రతిసారీ బాగా కుదపాలి. లేబుల్ మీద రాసిన రోజులు దాటితే పారవేయాలి.

నీటిలో కరిగే మాత్ర: చెంచాడు నీటిలో, లేదా పిండిన తల్లిపాలలో కరిగించి ఇస్తారు. విరేచనాలకు ఇచ్చే జింక్ మాత్ర ఇటువంటిదే. 2 నుంచి 6 నెలల బిడ్డకు రోజుకు 10 మి.గ్రా., ఆపై వయసుకు 20 మి.గ్రా. చొప్పున, విరేచనాలు ఆగినా 14 రోజులు ఇవ్వాలి. క్షయ సోకిన పిల్లలకు ఒకప్పుడు పెద్దల మాత్రలు విరిచి, నూరి ఇచ్చేవారు. 2015 చివరిలో పండ్ల రుచితో, నీటిలో కరిగే పిల్లల మాత్రలు వచ్చాయి.

నమిలే మాత్ర: నులిపురుగులకు ఇచ్చే ఆల్బెండజోల్ ఇలాంటిది. 3 ఏళ్ళలోపు పిల్లలకు దీన్ని పొడిచేసి, నీటితో కలిపి ఇవ్వాలి. లేకపోతే గొంతులో అడ్డుపడవచ్చు.

పసిపిల్లలకు సిరప్ ఒక్కటే పనికివస్తుందని చాలాకాలం అనుకున్నారు. జర్మనీలో 6 నెలల నుంచి 5 ఏళ్ళ వయసున్న 306 మంది పిల్లలపై జరిపిన పరిశీలన 2013లో వెలువడింది. 2 మి.మీ. సైజు చిట్టి మాత్రలను వారు సిరప్ కంటే బాగా తీసుకున్నారు. అలాగని మామూలు మాత్రలను మీ అంతట మీరు మింగించకండి.

ఎలా తాగించాలి?

• కాళ్ళ మీద వెల్లకిలా పడుకోబెట్టి, ముక్కు మూసి ఉగ్గుగిన్నెతో పోయడం ప్రమాదకరం. మందు ఊపిరితిత్తుల్లోకి పోవచ్చు. ఒళ్ళో కూర్చోబెట్టి, బుగ్గ లోపలి వైపు కొద్దికొద్దిగా పోయండి.

• పాలసీసా నిండా ఉన్న పాలలో కలపకండి. పాలు మిగిలితే మందూ మిగిలిపోతుంది.

• ఏడాదిలోపు బిడ్డకు తేనెతో ఏ మందూ ఇవ్వకండి.

• మందును చాక్లెట్ అని చెప్పకండి. మీరు చూడనప్పుడు సీసా అంతా తాగేసే ప్రమాదం ఉంది.

• డాక్టరును అడగకుండా మాత్రలు నూరకండి. కొన్ని మాత్రలు నెమ్మదిగా కరిగేలా తయారుచేసినవి.

• జింక్ ఇచ్చిన అరగంటలోపు వాంతి అయితే మళ్ళీ ఇవ్వండి. మిగతా మందుల సంగతి అడిగి తెలుసుకోండి.

దాచకండి, చెప్పండి

"మందు ఇస్తున్నారా?" అని డాక్టరు అడిగితే చాలామంది మొహమాటపడి "ఇస్తున్నామండీ" అంటారు. అప్పుడు మందు పనిచేయడం లేదనుకొని ఇంకా బలమైన మందు రాయవలసి వస్తుంది. "సగం ఉమ్మేస్తోంది" అని ఉన్నమాట చెప్పండి. అదే మందు వేరే రూపంలో దొరకవచ్చు. మందు మానేయకండి, మీ అంతట మీరు మార్చకండి.

బిడ్డ ఏమీ తాగలేకపోతున్నా, తాగినదంతా వాంతి చేసుకుంటున్నా, మగతగా ఉన్నా, ఫిట్స్ వచ్చినా ఇంట్లో మందు పట్టే ప్రయత్నం చేయవద్దు. వెంటనే ఆసుపత్రికి తీసుకురండి. సూదిమందు అవసరమయ్యేది ఇలాంటప్పుడే.