పగ్గములు పట్టని సారథి

1961వ సంవత్సరము ఏప్రిల్ 12వ తేదీ ఉదయమున, కజకిస్తాను మైదానములలోని బైకనూరు ప్రయోగకేంద్రమునందు, 27 ఏండ్ల యువకుడొకడు 'వస్తోక్' అను వ్యోమనౌకలో వెల్లకిల పరుండి ప్రయాణముహూర్తమునకై నిరీక్షించుచుండెను. ద్వారము మూసిన పిదప, అది సరిగా బిగిసినట్లు సూచన రాకపోవుటచేత, పనివారు బోల్టులన్నింటిని ఊడదీసి మరల బిగింపవలసివచ్చెను. వెలుపలనున్న పెద్దలెల్లరు ఆందోళనతో తల్లడిల్లుచుండగా, లోపలివాడు రేడియోలో సంగీతము వినిపింపుడని కోరెను. వారును ప్రేమగీతములు వినిపించిరి. ప్రయోగమునకు అరగంట ముందు అతని నాడి నిమిషమునకు 64 మారులు మాత్రమే కొట్టుకొనుచుండెనట.

ఆ యువకుడే యూరీ అలెక్సేయెవిచ్ గగారిన్. అతనిని కొనియాడువారు సాధారణముగా ఆకాశరథమును తోలిన మహాసారథిగా వర్ణింతురు గాని, యథార్థమునకు ఆ రథపు పగ్గములు అతని చేతికీయబడలేదు. భారరహితస్థితిలో మనుష్యుని బుద్ధి నిలుచునో చలించునో ఎవరికిని తెలియని కాలమది. కావున నౌకాగమనమునంతయు స్వయంచాలక యంత్రములకే అప్పగించి, చేతితో నడుపు సాధనములకు తాళమువేసి, ఆ తాళమును విప్పు మూడంకెల సంకేతమును ఒక కవరులో నుంచి నౌకలో పెట్టిరి. కవరు చించి, చదివి, అంకెలు నొక్కగలిగినవాని బుద్ధి స్వస్థముగా నున్నట్లేయని వారి యూహ. 125 అను ఆ సంకేతమును అతనియందు వాత్సల్యముగల పెద్దలు ముందుగనే చెవిలో చెప్పిరన్నది వేరు సంగతి. ఆపద వచ్చినప్పుడు చేతులాడించు ధైర్యము యుద్ధవిమానచాలకులలో పలువురకు కలదు. చేతులు కట్టుకొని, పరులు నిర్మించిన యంత్రమును నమ్మి, మనసును నిశ్చలముగా నిలుపుకొను ధైర్యము అంతకంటె అరుదైనదనియు, గగారిన్ మహత్త్వమంతయు అందే యున్నదనియు నా దృఢవిశ్వాసము.

ఈ స్థైర్యము అతనికి బాల్యముననే అలవడినది. స్మొలెన్స్కు మండలములోని క్లూషినో గ్రామమున, 1934 మార్చి 9వ తేదీన, వడ్రంగి కుటుంబమున జన్మించి, ఏడేండ్ల ప్రాయమున జర్మను సైన్యముల యాక్రమణమును చవిచూచెను. సైనికులు ఇల్లు లాగికొనగా, ఆ కుటుంబము మంటిలో త్రవ్వుకొన్న గుంటయింట తలదాచుకొనెను. అన్నను, అక్కను శత్రువులు పట్టుకొనిపోయిరి; వారు యుద్ధానంతరము గాని తిరిగిరాలేదు. పిమ్మట అతడు కర్మాగారమున లోహపు పోతపని నేర్చి, సరాతోవు నగరమున సాంకేతికవిద్య నభ్యసించుచునే అచ్చటి విమానసంఘమున చేరి, ఆకాశపు రుచి మరిగెను.

1960లో అంతరిక్షయాత్రకై ఎన్నికచేసిన 20 మంది వైమానికులలో, తాము గాక మొదట ఎవరు పోదగుదురని అడుగగా, అధికసంఖ్యాకులు గగారిన్ పేరే చెప్పిరి. పోటీలోనున్నవారే పోటీదారునకు పట్టము కట్టుట సామాన్యమైన విషయము కాదు. ప్రధాననిర్మాత కొరొల్యోవు నౌకను తొలిసారి చూపి, లోపల కూర్చుండి చూడవచ్చునని అనగా, గగారిన్ బూట్లు విప్పి లోనికి దిగెనని చెప్పుదురు. గడపదాటునప్పుడు చెప్పులు విడుచు మనవంటివారికి ఆ చర్యలోని మర్యాద వివరింపనక్కరలేదు.

ప్రయాణకాలము మొత్తము 108 నిమిషములు. ఒక్కసారి భూమిని చుట్టివచ్చుట, అత్యున్నతస్థానమున 327 కిలోమీటర్ల యెత్తునకు చేరుట, ఇవి లోకవిదితములే. అవరోహణమునాటి అపాయము మాత్రము చిరకాలము మరుగుననుండెను. గగారిన్ కూర్చున్న గోళాకారపు గది యంత్రభాగమునుండి విడిపోవలసిన క్షణమున, రెండింటిని కలిపిన తీగలకట్ట తెగక, నౌక పది నిమిషములపాటు గిరగిర తిరిగెను; గవాక్షము వెలుపల జ్వాలలు లేచెను. అతడప్పుడు, ఎంత ఆలస్యమైనను స్వదేశపు దూరప్రాచ్యమునకు ఇవలనే దిగుదునని లెక్కగట్టుకొని, భూమిమీదివారిని కలవరపెట్టుట అనవసరమని తలచి, అంతయు సవ్యముగా నున్నదని వార్త పంపెను. తుదకు తీగలు కాలి తెగిపోయెను. ఏడు కిలోమీటర్ల యెత్తున నౌకనుండి వెలువడి, పారాచూటుతో, తాను ఎగురనేర్చిన సరాతోవు ప్రాంతముననే పొలములలో దిగెను. నారింజరంగు దుస్తులవానిని చూచి భయపడిన యొక వృద్ధకృషీవలురాలికిని ఆమె మనుమరాలికిని, తాను పరాయివాడను కానని చెప్పికొనవలసివచ్చెను.

రికార్డు నియమముల ప్రకారము చాలకుడు నౌకతోగూడ దిగవలసియుండుటచే, పారాచూటు సంగతిని సోవియట్ ప్రభుత్వము సంవత్సరములకొలది దాచెను. సత్యమైన ఘనకార్యమునకు అసత్యపు తొడుగు తొడుగుట, దానిని మోయు భారము అతని నిర్మలమైన చిరునవ్వుపై పెట్టుట, నాకు మిక్కిలి బాధకరముగా తోచును.

పిమ్మట దేశదేశములు స్వాగతమిచ్చినవి. ఆ సంవత్సరాంతమున మన దేశమునకును అతడు వచ్చెను. అతడు కోరినది మాత్రము పూలమాలలు కాదు, మరల ఎగురుట. 1967లో సొయూజ్ వ్యోమనౌక ప్రమాదమున మిత్రుడు కొమరోవ్ మరణించెను. ఆ యాత్రకు అతని స్థానమున పోవుటకు సిద్ధముగానుండినవాడు గగారినే. లోకము ఆరాధించు వీరుని పోగొట్టుకొనరాదని, అధికారులు అతనికి అంతరిక్షయాత్రలు నిషేధించిరి. 1968 ఫిబ్రవరిలో అతడు జుకోవ్‌స్కీ వైమానిక అకాడమీయందు పట్టము పొందెను. అందులకై ఎన్నుకొన్న విషయము, రెక్కలు కలిగి, విమానమువలె చాలకునిచేత నేలకు దింపబడు వ్యోమనౌక! నాడు చేతికి రాని పగ్గములను అతడెంతగా కాంక్షించెనో దీనినిబట్టి గ్రహింపవచ్చును. విమానచాలకత్వమున మరల అర్హత సంపాదించుటకై చేయుచున్న అభ్యాసములో, మార్చి 27వ తేదీన, కిర్జాచ్ పట్టణసమీపమున మిగ్-15 విమానము కూలి, అతడును శిక్షకుడు సెర్యోగినును మరణించిరి. అప్పటికతని వయస్సు 34 ఏండ్లు.

1961నాటి అంతరిక్షయాత్రకు రెండు దినములు ముందు భార్య వాలెంటీనాకు వ్రాసియుంచిన లేఖ అప్పుడామెకు అందినది. యంత్రమును తాను సంపూర్ణముగా నమ్ముచున్నాననియు, అయినను చదునునేలమీద నడచువాడును పడవచ్చుననియు, తాను రానియెడల కుమార్తెలిద్దరిని గారాబుబిడ్డలుగా గాక నిజమైన మనుష్యులుగా పెంచుమనియు అందు కోరియుండెను. పెద్దకుమార్తె యెలేనా కళాచరిత్ర చదివి, క్రెమ్లిన్ ప్రదర్శనశాలలకు అధిపతియయ్యెను. తండ్రి యాత్రనాటికి నెల పసికందైన గలీనా అర్థశాస్త్రమున ఆచార్యపదవి నందెను.