రంబోల్డు అను ఇంటిపేరు

“ఇంటిపేరు కస్తూరివారు, ఇంటిలో గబ్బిలాల కంపు” అని మన పెద్దలు చెప్పు సామెత నెఱుగని వారు లేరు. పరిహాసమునకు పుట్టిన మాటయే యైనను దానియందొక ప్రశ్న దాగియున్నది. మనుష్యునకు ఇంటిపేరు వలన గౌరవము కలుగునా, లేక మనుష్యుని వలన ఇంటిపేరునకు గౌరవము కలుగునా? ఈ ప్రశ్నకు సమాధానము వెదకుటకై ఒక ఆంగ్లేయుల ఇంటిపేరును తీసికొని దాని పుట్టుకను, వ్యాప్తిని, దానిని ధరించిన కొందఱి నడవడిని ఇచ్చట వివరింపబూనితిమి. ఆ పేరు మిక్కిలి యరుదైనది. అయినను మన హైదరాబాదు చరిత్రతోను, సర్కారు జిల్లాల చరిత్రతోను దానికి గాఢమైన సంబంధము కలదు.

మొజంజాహీ మార్కెటు గడియారపు గోపురము క్రింద నిలిచి నాలుగు వైపులకు చూడుడు. ఈ ప్రాంతమున మనుష్యుల పేర్లే స్థలముల పేర్లయినవి. 1935 లో నల్లరాతితో కట్టబడిన యీ విపణికి ఏడవ నిజాము మీర్ ఉస్మాన్ అలీఖాను గారి రెండవ కుమారుడు మొజంజా పేరు పెట్టబడెను. ఇచ్చటి పండ్ల వర్తకము పిమ్మట గడ్డిఅన్నారమునకు తరలిపోయినను, 2020 లో కట్టడము బాగుచేయబడి మరల కళకళలాడుచున్నను, పేరు మాత్రము మాఱలేదు. కొంచెము దూరమున నున్న ఆబిడ్సు అను పేరు ఆల్బర్టు ఆబిదు అనునతనిది. అతడు ఆర్మీనియా జాతీయుడు. ఆరవ నిజాము మహబూబ్ అలీఖాను గారి కొలువులో నుండి ఇచ్చట నొక అంగడి పెట్టెను. ఆబిదు అంగడి కాలక్రమమున ఆబిడ్సు ఆయెను. అంగడి పోయినది, పేరు నిలిచినది. గన్‌ఫౌండ్రీ యను పేటకు ఫ్రెంచి సేనాని రేమండు ఫిరంగులు పోయించిన కర్మాగారము కారణము. ఆ రేమండునే ముసల్మానులు మూసా రహీమనియు, హిందువులు మూసారామనియు పిలువగా, మూసీనది కావల మూసారాంబాగు ఏర్పడెను.

ఇట్లు కొందఱి పేర్లు వీధులయందు నిలిచెను. ఏ వీధికిని పేరుగా నిలువక, గ్రంథములయందు మాత్రమే మిగిలిన పేరు రంబోల్డు. ఈ పేరుగల పెద్దమనుష్యు డొకడు ఇచ్చటికి నడకదూరములోనే, కోఠీయందలి బ్రిటిషు రెసిడెన్సీ ప్రాంతమున వ్యవహారములు నడిపి, 1833 లో ఈ నగరమందే మరణించెను. అతని కథకు ముందు అతని ఇంటిపేరు కథ చెప్పవలసియున్నది.

ఇంగ్లండులో పూర్వము ఇంటిపేర్లు లేవు. ఒక్కొక్కనికి ఒక్కటే పేరు. 1066 లో నార్మనులు ఆ దేశమును జయించిన పిమ్మట, పన్నుల చిట్టాలలోను భూముల దస్తావేజులలోను ఒకే పేరుగల వారిని వేఱుపఱుచుటకై రెండవపేరు అవసరమై, మూడు నాలుగు వందల యేండ్లలో అది వంశపరంపరగా వచ్చునదాయెను. ఇట్టి పేర్లు నాలుగు తెఱగులు. ఊరును బట్టి వచ్చినవి మొదటివి. మన కందుకూరివారు, గురజాడవారు ఇట్టివారే. వృత్తిని బట్టి వచ్చినవి రెండవవి; కమ్మరివానిని స్మిత్తు అందురు, నేడు ఆ దేశమున నన్నిటికంటె నెక్కువమందికి గల ఇంటిపేరు అదియే. రూపమును గుణమును బట్టి వచ్చిన ముద్దుపేర్లు మూడవవి. మూలపురుషుని పేరే వంశమునకు నిలిచినవి నాలుగవవి. రంబోల్డు ఈ నాలుగవ తెఱగునకు చెందినది.

ఇది ప్రాచీన జర్మానిక్ భాషలనుండి వచ్చిన పురుషనామము. ఇందు రెండు పదములు కలవు. మొదటిదానికి కీర్తి యనియు, రెండవదానికి ధైర్యము గలవాడనియు అర్థము. మన యశోధరుడు, వీరభద్రుడు అను పేర్లవలె ఇదియు బిడ్డ ఘనుడు కావలెనని తల్లిదండ్రులు కోరి పెట్టిన పేరే. ఇంగ్లండులో ఈ పేరుగల బాలభక్తు డొకడు ఏడవ శతాబ్దమున కింగ్స్ సటన్ అను గ్రామమున పుట్టి, మూడు దినములే జీవించి, ఆ మూడు దినములలోనే ధర్మబోధ చేసెనని ఒక పురాతన గాథ కలదు. బెల్జియములో మెకెలెన్ నగరపు ప్రధాన దేవాలయము మఱియొక రంబోల్డు భక్తుని పేర వెలసినది. అచ్చటివారు ఆ పేరునే రొంబౌట్ అని పలుకుదురు. నోటినుండి నోటికి మాఱునప్పుడు ఇంగ్లండులోనే రంబోల్డు కొన్నిచోట్ల రంబాల్ అనియు, రంబుల్ అనియు అరిగిపోయెను. రేమండును మూసారాము చేసిన మనము దీనికి ఆశ్చర్యపడ నక్కఱలేదు.

ఈ ఇంటిపేరు గలవారు నేడును కొద్దిమందియే. వారు దక్షిణ ఇంగ్లండులో నెక్కువగాను, వలసపోయిన కుటుంబముల వలన ఆస్ట్రేలియా, కెనడా, అమెరికా సంయుక్త రాష్ట్రములలో అక్కడక్కడను కానవత్తురు. వీరందఱును ఒకే తాత సంతతివారని తలపరాదు. పూర్వము రంబోల్డు అను మనుష్యుడు ఏ గ్రామమున నుండిన ఆ గ్రామమున అతని బిడ్డలకు ఆ పేరు నిలిచియుండవచ్చును. మనలోను ఒకే ఇంటిపేరు గలవారు వేర్వేరు కులములలో, వేర్వేరు జిల్లాలలో కానవచ్చుటకు కారణమిదియే: ఊరు ఒకటి, అచ్చటినుండి బయలుదేరిన కుటుంబములు పెక్కు. కావున ఇంటిపేరు వచ్చిన త్రోవను చూపునే కాని, రక్తమునకు సాక్ష్యము పలుకజాలదు. గుణమునకు అసలే పలుకజాలదని ఈ పేరు ధరించిన నలుగురి చరిత్ర వలన తెలియగలదు.

మొదటివాడు రిచ్చర్డు రంబోల్డు. హెర్ట్‌ఫర్డుషైరు సీమలోని రై హౌస్ అను ఇంటిలో నుండి, సారాయికి ధాన్యము సిద్ధపఱచు వృత్తిచేసిన వాడు. రాజుపై కుట్ర చేసెనన్న నేరముతో వెదకబడి దేశాంతరము పోయి, తిరిగివచ్చి తిరుగుబాటులో చేరి పట్టుబడి, 1685 లో ఎడింబరోలో వధింపబడెను. రాజద్రోహము మెచ్చదగినది కాదు. కాని వధ్యస్థానమునుండి ఆ గాయపడిన వృద్ధుడు పలికిన మాట నేటికిని మఱువబడలేదు. ఏ మానవుడును వీపున జీనుతో పుట్టలేదనియు, వానిపై నెక్కి స్వారిచేయుటకై కాలిజోళ్లతో ముల్లుకఱ్ఱలతో మఱియొకడు పుట్టలేదనియు అతని భావము.

రెండవవాడు సర్ తామస్ రంబోల్డు. రిచ్చర్డు మరణించిన సుమారు నూఱేండ్లకు, 1778 మొదలు 1780 వఱకు, ఇతడు చెన్నపట్టణమున కుంపినీవారి గవర్నరు. అప్పటికి ఉత్తర సర్కారులు కుంపినీవారి అధీనమున నుండెను. వానికై వారు నిజామునకు ఏటేట పేష్కషు చెల్లింపవలసియుండెను. సర్కారులకు పోయి విచారణ జరుపు సంఘమును ఇతడు రద్దుచేసి, జమీందారులే దూరప్రయాణము చేసి చెన్నపట్టణమునకు రావలెనని ఆజ్ఞాపించెను. గుంటూరు సర్కారును నిజాము నడుగకయే అతని సోదరుడు బసాలతుజంగు వద్ద గుత్తకు తీసికొని, దానిని ఆర్కాటు నవాబున కిచ్చెను. పేష్కషును మానుకొమ్మని నిజాము వద్దకు దూతను పంపెను. నిజాము అలీఖాను కోపించి హైదరాలీతోను మహారాష్ట్రులతోను పొత్తు కలుపుకొనెను. 1780 వేసవిలో హైదరాలీ కర్ణాటకముపై దండెత్తి గ్రామములు తగులబెట్టునాటికి గవర్నరుగారు ఓడయెక్కి స్వదేశము చేరుచుండిరి. 1781 లో కుంపినీ డైరెక్టర్లు ఇతనిని ఉద్యోగమునుండి తొలగించిరి. పార్లమెంటులో ఇతనిని శిక్షింప శాసనము ప్రతిపాదింపబడి, 1783 లో నిర్ణయము లేకయే విడువబడెను.

మూడవవాడే మన హైదరాబాదు రంబోల్డు: సర్ విలియము, తామసు మనుమడు. గవర్నరు జనరలైన లార్డు హేస్టింగ్సు సంరక్షణలో పెరిగిన కన్యను ఇతడు వివాహమాడెను. ఇచ్చట విలియము పామరు అను వర్తకుడు స్థాపించిన పామరు కంపెనీలో భాగస్వామి యయ్యెను. ఇంగ్లీషువారు స్వదేశ ప్రభువులకు అప్పులిచ్చుట చట్టవిరుద్ధమైనను, 1816 లో హేస్టింగ్సు ప్రభుత్వము ఈ కంపెనీకి ప్రత్యేకానుమతి నిచ్చెను. నిజాము సికందరుజా దివాణమునకు అధికవడ్డీపై అప్పులు పెరిగి పెరిగి, 1820 లో 60 లక్షల రూపాయల పెద్ద ఋణ మొకటి కుదిరెను. ఆ యేడే రెసిడెంటుగా వచ్చిన చార్లెసు మెట్కాఫు లెక్కలు చూచి, ఈ వ్యవహారము రాజ్యమును పీల్చుచున్నదని పై యధికారులకు వ్రాసెను. గవర్నరు జనరలునకు తన కుటుంబ మిత్రుని కంపెనీపై ఈ మాట రుచింపలేదు. అయినను మెట్కాఫు వెనుదీయలేదు.

ఋణము తీఱిన విధము మనము ముఖ్యముగా గమనింపదగినది. సర్కారులకై కుంపినీవారు నిజామునకు ఏటేట చెల్లించుచున్న 7 లక్షల రూపాయల పేష్కషును 1823 లో నిజాము శాశ్వతముగా వదలుకొనెను. దానికి ప్రతిఫలముగా సుమారు 1 కోటి 16 లక్షల రూపాయలు ఒక్కమాఱుగా ఈయబడగా, ఆ ధనముతో పామరు కంపెనీ బాకీ తీర్పబడెను. తాత మాటలతో మాన్పింప జూచి మాన్పింపలేని పేష్కషు మనుమని కంపెనీ అప్పువలన మాసిపోయెను! 1824 లో కంపెనీయు దివాలా తీసెను. విలియము రంబోల్డు 1833 లో ఇచ్చటనే కన్నుమూసెను.

నాలుగవవాడు సర్ హోరేసు రంబోల్డు. హైదరాబాదులో మరణించిన విలియమునకు మనుమడు. రాయబారి కుమారుడై, తానును రాయబారియై, 1928 మొదలు 1933 వఱకు బెర్లినులో బ్రిటనుకు ప్రతినిధిగా నుండెను. 1933 జనవరిలో హిట్లరు అధికారమునకు రాగా, ఏప్రిల్ నెలలోనే ఇతడు తన ప్రభుత్వమునకు దీర్ఘమైన లేఖ వ్రాసెను. హిట్లరు తన గ్రంథమున వ్రాసిన మాటలు ఊరక వ్రాసినవి కావనియు, అతడు శాంతి వచనములు పలుకుచు యుద్ధమునకు సిద్ధపడుననియు హెచ్చరించెను. వినవలసినంతగా వినినవారు లేరైరి. 1939 లో లోకము ఆ ఫలము ననుభవించెను. ఇతడు యుద్ధము నడుమ 1941 లో మరణించెను.

చూచితిరా! ఒకే ఇంటిపేరు. పేరునకు అర్థము కీర్తియు ధైర్యమును. అది తామసునకు న్యాయమును నేర్పలేదు. విలియమునకు లోభమునుండి అడ్డుపడలేదు. వారి వంశముననే పుట్టిన హోరేసును వారి అపకీర్తి క్రిందికి లాగను లేదు. ధాన్యము తడిపి ఎండబెట్టు వృత్తిలో నుండిన రిచ్చర్డు పలికిన మాట గవర్నరు పలికిన మాటలకంటె నెక్కువకాలము బ్రతికినది.

మన భాషయందు పేరు అను మాటకు రెండర్థములు కలవు. పిలుచుటకు పెట్టినదియు పేరే, లోకము మెచ్చి యిచ్చినదియు పేరే. ఇంటిపేరు పుట్టుకతో వచ్చును, మంచిపేరు తెచ్చుకొనవలెను. ఒకటి తాత ఇచ్చినది, రెండవది మనుమడు సంపాదించునది. మొదటిదానిని రెండవదానిగా భ్రమపడినవాడు కస్తూరివారి సామెతకు పాత్రుడగును.

ఈ సంగతి మన పాఠశాలవంటి చోట ప్రత్యేకముగా చెప్పవలసియున్నది. ఇచ్చట హాజరుపట్టీలో మన ఇంటిపేర్లు ఒక్క అక్షరమునకు కుదింపబడుచున్నవి. ఆ అక్షరము దేనికని అడిగిన గర్వముతో తలయెత్తు పిల్లలు కొందఱు, తలవంచుకొను పిల్లలు కొందఱు. ఒకని ఇంటిపేరు అగ్రహారమును తెలుపును, ఒకనిది తాత చేసిన చేతిపనిని తెలుపును. కొందఱి పెద్దలు క్రీస్తుమతము స్వీకరించునప్పుడు క్రొత్తపేరు పుచ్చుకొనుటచే పాతపేరు పట్టీలకే ఎక్కలేదు. తలయెత్తు వానికి గాని, తలవంచు వానికి గాని, ఇందు కారణము లేదు. కమ్మరి యను పేరు సిగ్గుపడదగినదైనచో ఇంగ్లండులో స్మిత్తులందఱు తలవంచుకొని నడువవలసివచ్చును! వీపున జీనుతో పుట్టినవాడు లేడన్న ఆ వృద్ధుని భావము మన బల్లలమీదను వర్తించును.

కాని సిగ్గుపడరాదనుట వేఱు, మఱచిపోవుట వేఱు. మన పూర్వులు ఏ యూరినుండి ఏ కఱవునకు, ఏ యుద్ధమునకు, ఏ బ్రతుకుదెరువునకు బయలుదేరిరో తెలుపు చిన్న గుర్తు ఇంటిపేరు. రంబోల్డువారి కథ గ్రంథములలో నున్నది. మనవారి కథ పెక్కండ్రకు అమ్మమ్మ నోట, నాయనమ్మ నోట మాత్రమే యున్నది. వారితో పాటు అదియు పోవును. కావున విద్యార్థులారా, ఈ సెలవులలో ఇంటికి పోయినప్పుడు పెద్దల యొద్ద కూర్చుండి, మన ఇంటిపేరు ఎట్లు వచ్చినది, మన వారు మొదట ఎచ్చట నుండిరి, అని అడిగి వ్రాసికొనుడు. పేరు లేదని వారు చెప్పినను, మీ తాతగారి పేరును వారి ఊరిపేరును వ్రాసికొనుడు. అనేక వంశములకు ఇంటిపేరు అట్లే ఆరంభమాయెను. ఆ పుటకు క్రింద కొంత స్థలము ఖాళీగా విడువుడు. దానిని పూరింపవలసినవారు మీరు.