డాక్టరు గారి నుండి రోగి కోరేది ఏమిటి?

ఓ.పి. గది నుండి బయటికి వచ్చిన రోగులు చాలామంది చీటీ పట్టుకుని మా నర్సుల దగ్గరికి వస్తారు. "సిస్టరమ్మా, నాకేమైందంట? ఈ మాత్రలు ఎన్నాళ్లు మింగాల?" అని అడుగుతారు. లోపలే డాక్టరు గారిని ఎందుకు అడగలేదంటే, "బయట అంతమంది కాచుకోనుండారు, ఎట్లా అడిగేది?" అంటారు. రోగులకు ఏమి కావాలో మాకు అక్కడే తెలుస్తుంది.

మొదటిది, తమ మాట పూర్తిగా వినాలి. 1984లో అమెరికాలో జరిగిన ఒక పరిశీలనలో డాక్టర్లు సగటున 18 సెకన్లకే రోగి మాటకు అడ్డు వచ్చారని తేలింది. 2002లో స్విట్జర్లాండులో రోగులను అడ్డు లేకుండా మాట్లాడనిస్తే సగటున 92 సెకన్లలో ముగించారు. కాబట్టి వినడానికి గంటలు పట్టవు. కానీ 2017లో వెలువడిన లెక్కల ప్రకారం మన దేశంలో ప్రాథమిక వైద్యుడు ఒక్కో రోగిని చూసే సమయమే సుమారు 2 నిమిషాలు.

రెండవది, అర్థమయ్యే భాష. మన గుడుపల్లె, కుప్పం ప్రాంతం మూడు రాష్ట్రాల సరిహద్దు. ఇంట్లో తమిళమో కన్నడమో మాట్లాడే పెద్దలు ఎందరో ఉన్నారు. అర్థం కాకపోయినా మర్యాద కోసం తల ఊపుతారు.

మూడవది, తిట్టకుండా అడగాలి. డబ్బు లేకనో, బాగానే ఉందనో కొందరు బి.పి. మాత్రలు మానేస్తారు. తిడతారేమోనని ఆ సంగతి దాస్తారు. బి.పి. ఎక్కువగా ఉండడం చూసి, మాత్ర చాలలేదనుకుని డాక్టరు మోతాదు పెంచవచ్చు. అవన్నీ ఒక్కసారిగా మొదలుపెడితే బి.పి. పడిపోయి కళ్లు తిరిగి పడవచ్చు. అసలు మింగకపోతే పక్షవాతం రావచ్చు. "మాత్రలు ఏమైనా తప్పిపోయాయా అమ్మా?" అనే ఒక్క మాట ఈ ప్రమాదాన్ని తప్పించగలదు.

నాలుగవది, ప్రతిసారీ అదే డాక్టరు చూడాలి. 2018లో 9 దేశాలకు చెందిన 22 అధ్యయనాలను పరిశీలించగా, 18 అధ్యయనాలలో ఒకే డాక్టరు దగ్గర వైద్యం పొందినవారిలో మరణాలు తక్కువగా కనిపించాయి.

ప్రియ పాఠకులారా, మీరూ కొంత చేయవచ్చు. పాత చీటీలు, మాత్రల అట్టలు వెంట తెచ్చుకోండి. ముఖ్యమైన బాధను ముందుగా చెప్పండి. మానేసిన మాత్రలు, వాడిన పసరు మందులు దాచకండి. లేచే ముందు మూడు ప్రశ్నలు అడగండి:

1. నా జబ్బు ఏమిటి?
2. మందు ఎలా, ఎన్నాళ్లు వాడాలి?
3. ఏ లక్షణం కనిపిస్తే వెంటనే రావాలి?

విన్నదాన్ని మీ మాటల్లో తిరిగి చెప్పండి. పొరపాటుంటే డాక్టరు గారు అక్కడికక్కడే సరిదిద్దుతారు. పాలు పితికే వేళకు, పట్టుపురుగులకు ఆకు వేసే వేళకు ఇల్లు చేరాలనే తొందర మీకుంటుందని మాకు తెలుసు. అయినా ఆ ఒక్క నిమిషం ఆగండి. కూలి పోగొట్టుకుని మళ్లీ ఆసుపత్రికి రావలసిన అవసరం తగ్గుతుంది.